చెట్టు మింద వాడిన పువ్వు

రాగిమాకులపల్లె, పుంగనూరు దగ్గర
21 ఫిబ్రవరి 2022

తమ్ముడు నారాయణస్వామికి,

అక్క నంజమ్మ చెప్పి రాయించేది. నీకు చెవులు పోయి ఫోను పనికిరాకుండా పాయ. నాకు అక్షరం రాదు. అందుకని మా ఊరి పోస్టాఫీసు సూసుకునే తేజస్వినిని కూర్చోబెట్టుకొని చెప్తాండాను. ఒక్క మాట మార్చకుండా రాయమన్నాను. తిట్లు కూడా.

ఈడ అందరూ బాగుండాము. ఎర్రావు ఈనింది, పెయ్యదూడ. ఇంక నా యవ్వారానికి వస్తాను.

నువ్వు మొన్న వచ్చి పోతివే, నా పన్నీరు రోజా చెట్టుకు ఏమి చేసి పోతివి? నేను స్నానం చేసి వచ్చేసరికి దాని నెత్తిన కాగితం పొట్లాలు కట్టి ఉండాయి. పొద్దున పాలకు వచ్చినోళ్ళంతా అడిగేవాళ్ళే. చెట్టుకు దెబ్బలు తగిలినాయా నంజమ్మా, కట్లు కట్టినావు అని ఒకతి. పొట్లం విప్పి సూస్తే లోపల పువ్వు లేదు. రేకులన్నీ పెరికేసి బోడితల ఒకటి పెట్టి పొయినావు. తమ్ముడు కదా అని ఇంట్లోకి రానిస్తే చేసే పనేనా అది?

పూసిన పువ్వు చెట్టు మింద వాడకూడదు అని అమ్మ మనకు చెప్పలేదా? తలలోకి, పటాలకు, మిగిలితే ఆవు కొమ్ముకు, ఇంకా మిగిలితే నీళ్ళకడవలోకి. పొద్దు గూకేలోపల చెట్టు ఖాళీ అయిపోవల్ల. నా పెండ్లినాడు అమ్మ కొమ్మ విరిచి తడిగుడ్డలో చుట్టి నా ఒళ్ళో పెట్టింది. ఆ దినం నుంచి ఈ దినం వరకు ఒక్క పువ్వును చెట్టు మింద వాడనిచ్చినదాన్ని కాదు. పుట్టింటి చెట్టు ఎప్పుడో పాయ. అమ్మ చేతిది అని చెప్పుకునేదానికి ఇదొక్కటే ఉండాది. దాని మింద బోడిగుండ్లు పెట్టుకొని యాల సూడల్ల? అన్నీ గిల్లి వాడకనీళ్ళు పొయ్యే జలదారిలో పారేసినాను.

ఇంకొకటి. నువ్వు వచ్చిన పొద్దు చెట్టున మొదటి పువ్వు నీకే ఇచ్చినాను. నువ్వు దాన్ని బస్సు టికెట్ మాదిరి చొక్కా జేబులో పెట్టుకున్నావు. ముక్కు దగ్గరికి కూడా తీసుకుపోలేదు. మదనపల్లెలో తోటల శాఖలో ఉద్యోగం చేసినాయనకు, కుప్పంలో మిద్దింట్లో ఉండే ఆయనకు, అక్క ఇంటి జలదారి పక్కన పూసింది వాసన సూడ నామోషీ అయింది. తెలిసిందిలే.

జవాబు రాయి. రాయకపోయినా ఏమీ కాదు.

చెప్పింది నేను, నంజమ్మ.


కుప్పం
6 మార్చి 2022

అక్కకు,

నీ ఉత్తరం వీధి గుమ్మంలో నిలబడే చదివాను. తిట్లన్నీ భద్రంగా అందాయి, దారిలో ఒక్కటీ రాలిపోలేదు. తేజస్విని చేతిరాత బాగుంది.

అక్కా, నువ్వు గిల్లి పారేసినవి చచ్చిన పూలు కావు. చూలు కట్టిన పూలు. వేరే రోజా పుప్పొడి తెచ్చి కుంచెతో వాటికి రాశాను. తేనెటీగలు వచ్చి చెడగొట్టకుండా రేకులు తీసి కాగితం కప్పాను. నీతో చెప్పి చేయాల్సింది. నువ్వు స్నానానికి వెళ్ళావు, నాకు బస్సు వేళైంది. తప్పు నాదే.

ఎందుకు చేశానో విను. నీ చెట్టుకు వచ్చింది నల్లమచ్చ తెగులు. వాన పడితే ఆకు మీద నల్లచుక్క, చుట్టూ పసుపు, ఆ తర్వాత ఆకు రాలిపోతుంది. ఏడాదికేడాది చెట్టు బక్కచిక్కుతోంది, నువ్వూ చూస్తున్నావు. ఇక్కడ గుడుపల్లె దగ్గర పాలీహౌసుల్లో రోజాలకు వారం వారం మందు కొడతారు. నీ చెట్టుకు కొడదామంటే నెత్తిలో పెట్టుకునే పువ్వుకు విషం ఏందిరా అంటావు. కొమ్మ నాటుదామంటే అది కొత్త చెట్టు కాదు. అదే చెట్టు, అదే రోగంతో, ఇంకోచోట నిలబడుతుంది. నేను తెచ్చుకున్న కొమ్మలన్నీ అలాగే పోయాయి. గింజ నుంచి పుడితేనే కొత్త ప్రాణం.

హార్స్లీ కొండ మీద ఒక పాత బంగళా గోడకు తెల్లరోజా తీగ ఒకటి పాకి ఉంది. మదనపల్లెలో పనిచేసినన్నాళ్ళూ చూశాను. మంచులో తడిసి, వానలో నాని, దాని ఆకుకు ఎప్పుడూ మచ్చ రాలేదు. దాని బలం, నీ చెట్టు గుణం కలిస్తే చాలని నా ఆశ. నీ చెట్టు ఇన్నేళ్ళలో ఒక్క కాయ కూడా కాయలేదు అక్కా. కాయలేక కాదు, నువ్వు కాయనివ్వక.

వచ్చే మాఘంలో మళ్ళీ వస్తాను. ఒప్పుకో.

నీ తమ్ముడు,
నారాయణస్వామి


రాగిమాకులపల్లె
14 నవంబరు 2022

నారాయణా,

నీ ఉత్తరం తేజస్విని చేత మళ్ళీ మళ్ళీ చదివించుకున్నాను. ముక్కు దగ్గరికి తీసుకుపోలేదు అని అడిగితే దానికి మాత్రం జవాబు లేదు. మిగతా అంతా పాఠం.

ఇంట్లో ఆడపిల్ల ఉంటే సంబంధం ముందు పెద్దోళ్ళతో మాట్లాడతారు. పిల్ల స్నానానికి పోయినప్పుడు తాళి కట్టి పోరు. ఆ తెల్లరోజా సంగతి నాకు తెలియదనుకున్నావా? మా ఆయన ఉన్నప్పుడు కొండకు పోయినాము. ఆ పువ్వు ముక్కు దగ్గర పెట్టుకొని మూసి సూసినాను. నీళ్ళ మాదిరి ఉండాది. ఆస్తి ఉండి మాట రాని పెండ్లికొడుకు. అమ్మ చెట్టు వాసన ఎట్లుంటాది? ముందు బెల్లం నలగ్గొట్టినట్టు, దాని వెనకాల మిరియం, ఆమీద తడిసిన మట్టిగోడ. ఆ నీళ్ళోడితో కలిపితే ఆ మిరియం నిలుస్తాదా? అది చెప్పు.

ఈ వానలకు ఆకంతా రాలిపాయ. ముండ్లు మాత్రం నిలబడి ఉండాయి. మొన్న కలలో అమ్మ వచ్చింది. జలదారి పక్కన కూర్చోని, రాలిన ఆకులు ఒక్కొక్కటే ఏరి, మచ్చ ఉన్నచోట బొటనవేలితో తుడస్తా ఉండాది, పసిబిడ్డ మొగం తుడిచినట్ట. తుడిచిన ఆకు పచ్చగా అయితాండాది. మళ్ళా ఒళ్ళో పెట్టుకుంటాండాది. అమ్మ ఒడి నిండా ఆకులు. నేను పిలిస్తే తల ఎత్తలేదు. లేచి సూస్తే తలుపు తీసే ఉండాది, బయట మంచు, చెట్టు దగ్గర ఎవరూ లేరు.

సరే, రా. నీ సంబంధం కానీ. ఒక షరతు. పుట్టినదానికి అమ్మ వాసన లేకపోతే అది నా వాకిట్లోకి రాదు. రోగం రాని చెట్లు ఊరు నిండా ఉండాయి, జిల్లేడు కూడా రోగం రానిదే.

నంజమ్మ


రాగిమాకులపల్లె
3 జులై 2023

నారాయణా,

కాయలు పండినాయి. తేజస్విని డబ్బాలో దూది పెట్టి పార్సిల్ కట్టింది.

నువ్వు మాఘంలో పొట్లాలు కట్టి పోయినప్పటినుంచి నేను పడిన పాట్లు నాకే తెలుసు. పొద్దున లేస్తే చెయ్యి దానంతట అదే ఆ మొండితలల మిందికి పోతాది. ఇన్నేండ్ల అలవాటు. కోడలు ప్రమీల నా చెయ్యి పట్టుకొని, అత్తా గమ్మునుండు, చూలుది అంటాది. దానికి ముగ్గురు పుట్టినారు, దానికి తెలుసు. పక్కింటామె, రోజాకు కాయ కాస్తే ఇల్లు ఎండిపోతాది అనింది. నీ ఇంట్లో వంకాయ కాస్తే ఏమీ ఎండలేదు కదా, నా ఇంట్లో రోజాకాయ కాస్తే యాల ఎండుతాది అన్నాను. ఆ దినం నుంచి పాలకు రాలేదు.

సగం రాలిపాయ. నిలిచినవి మొదట పచ్చగా, చెవికమ్మంత. ఎండలు ముదిరినాక నారింజ రంగుకు తిరిగినాయి. కొనన తోక మాదిరి ఎండిన ఆకులు. సందేళ ఎండ పడితే చెట్టుకు దీపాలు పెట్టినట్ట ఉంటాది నారాయణా. ఈ చెట్టును నా బిడ్డలకంటే ముందునుంచి సూస్తాండాను. దాని కడుపులో ఈ రంగు ఉండాదని నాకు తెలియదు. అమ్మకు కూడా తెలియదు. తెలియకనే పాయ.

నువ్వు వచ్చిన దినం నేను ఒక పువ్వు పట్టుకొని, ఈపొద్దు మిరియం ఎక్కువుండాది కదా అంటే ఊ అన్నావు. చెవుడు కాబట్టి ఊ అన్నావా, వాసన వచ్చి ఊ అన్నావా?

కాయలు చేరినట్టు ఒక కార్డు ముక్క వెయ్యి.

నంజమ్మ


కుప్పం
19 నవంబరు 2023

అక్కకు,

మొలకలు వచ్చాయి.

గింజలు తడి ఇసుకలో కలిపి ఫ్రిజ్‌లో పెట్టాను. కోడలు అర్చన పెరుగు గిన్నె పక్కన ఇదేం సంసారం మామయ్యా అంది. గింజకు చలికాలం వచ్చి పోయిందని నమ్మిస్తే తప్ప కళ్ళు తెరవదు. తర్వాత ట్రేల్లో విత్తి మేడ మీద పెట్టాను. తెల్లవారుతూనే వెళ్ళి చూస్తాను. కుప్పంలో ఈ నెల పొగమంచు నేల దాకా దిగుతుంది. నాకు ఎలాగూ ఏ చప్పుడూ వినిపించదు. ఆ తెలుపులో వంగి చూస్తుంటే ఇసుకలోంచి ఒకటి మెడ వంచుకుని, నెత్తి మీద గింజ తొక్కు టోపీలా పెట్టుకుని లేస్తోంది. అది లేచే చప్పుడు నాకొక్కడికే వినిపించినట్టు అనిపించింది.

ట్రే నిండా ఉన్నాయి. ఏ రెండూ ఒకటిగా లేవు.

నారాయణస్వామి


కుప్పం
27 అక్టోబరు 2024

అక్కకు,

వానకాలం గడిచింది. పిల్లమొక్కలన్నిటినీ మందు లేకుండా వానలో వదిలేశాను. తట్టుకునేదేదో తేలాలని, తెగులు పట్టిన ఆకులు ఏరి తెచ్చి మొక్కల మొదట్లో పరిచాను. మచ్చ వచ్చినదాన్ని వచ్చినట్టు పెరికి దిబ్బలో వేశాను. మనసు గట్టి చేసుకోవాలి, ఈ పనిలో వేరే దారి లేదు. ఇప్పుడు మూడు మిగిలాయి. ఆకు అద్దంలా ఉంది. ఈ ఎండాకాలం లోపల పూస్తాయి.

నారాయణస్వామి


రాగిమాకులపల్లె
8 నవంబరు 2024

నారాయణస్వామికి,

ఈసారి తమ్ముడని రాయొద్దు అన్నాను.

నీకు కాయలిచ్చింది చంపేదానికా? రోగం ఆకులు తెచ్చి నువ్వే పక్కలో పరిచి, రోగం వచ్చింది అని నువ్వే పెరికి పారేసినావు. అన్నంలో మన్ను కలిపి, తినలేదని బిడ్డను కొట్టినట్టు ఉండాది. ట్రే నిండా ఉండాయి, ఏ రెండూ ఒకటిగా లేవు అని రాసినప్పుడు నాకు ఎంత కుశాలయిందో తెలుసా? తేజస్విని చదివి ఇంటికి పోయినాక ఆ కాగితం దిండుకింద పెట్టుకున్నాను. ఒక్కొక్కటీ ఎట్లుంటాదో అనుకుంటా పండుకున్నాను.

పెరికేముందు ఒక్కదానికైనా పువ్వు రానిచ్చినావా? ఒక్కదాన్ని వాసన సూసినావా? దీనికి జవాబు రాయి. పాఠం చెప్పొద్దు.

ఈడ పెద్దచెట్టుకు ఈ ఏడు ఒక్క కొమ్మే చిగిర్చింది. మిగతా నల్లగా ఎండిపాయ.

నంజమ్మ


కుప్పం
16 ఫిబ్రవరి 2025

అక్కకు,

మూడూ పూశాయి. ఒకటి తెలుపు, ఒకటి లేత గులాబీ, ఒకటి అమ్మ చెట్టు రంగే. రేకులు నీడన ఆరబెట్టి, మూడు కవర్లలో విడివిడిగా పెట్టి పంపుతున్నాను. పన్నీరు రోజా రేకు ఎండినా వాసన విడవదు, నీకు తెలుసు. వాసన చూసి నీ మాట చెప్పు. నువ్వు చెప్పినదే ఖాయం చేస్తాను.

నారాయణస్వామి


రాగిమాకులపల్లె
25 ఫిబ్రవరి 2025

నారాయణా,

కవర్లు విప్పేముందు తేజస్వినిని చేతులు కడుక్కోమన్నాను, దానికి సెంటు అలవాటు. వీధి తలుపు వేసినాను. పొయ్యి ఆర్పించినాను.

తెల్లది, కొండ మింది నీళ్ళోడి వాసనే. తండ్రి బిడ్డ. లేత రంగుది, కొత్త సోపు. మూడోది అమ్మ రంగు వేసుకొని వచ్చింది కానీ లోపల ఏమీ లేదు. రొవంత బెల్లం ఉండాది, అంతే. మిరియమూ లేదు, గోడా లేదు. నాటకంలో అమ్మ వేషం కట్టినట్ట.

ఈ మూడు నాకొద్దు. ఇవి వాసన లేనివని ఈడికి పంపేదాకా నీకు తెలియలేదా? నీ ముక్కు ఏమైంది? నా నోట కాదనిపించుకోను పంపినావా, నన్ను ఎగతాళి చేయను పంపినావా? మూడేండ్ల నుంచి ఒకే మాట అడుగుతాండాను. నువ్వు అన్నీ చెప్తావు, అదొక్కటి చెప్పవు.

నంజమ్మ


కుప్పం
9 మార్చి 2025

అక్కకు,

చెప్తాను.

నాకు ముక్కు లేదు అక్కా. కరోనా జ్వరంలో పోయింది, మళ్ళీ రాలేదు. మాడిన పాలకూ మల్లెపూలకూ తేడా తెలియదు. నువ్వు నా చేతిలో మొదటి పువ్వు పెట్టినప్పుడు వాసన చూడలేదన్నావు. చూశాను. నువ్వు లోపలికి వెళ్ళినప్పుడు చూశాను. ఏమీ రాలేదు. ఆ సంగతి నీ ముందు బయటపడకూడదనే జేబులో పెట్టుకున్నాను. చెవులు పోయినప్పుడే నన్ను చూసి కంటతడి పెట్టావు. ఇంకొకటి కూడా చెప్పి ఏడిపించడం ఎందుకనుకున్నాను. అర్చనను అడిగితే అన్నీ బాగున్నాయి మామయ్యా అంటుంది. దానికి అమ్మ చెట్టు తెలియదు. ఆకు చూడటం ఒక్కటే నా చేతిలో మిగిలింది. అందుకే ఆకుల్నే చూసి ఉంచాను, ఆకుల్నే చూసి పెరికాను.

ఈ కవరులో ఇంకొన్ని రేకులున్నాయి. వీటిమీద ఆశ పెట్టుకోవద్దు. దిబ్బలో పారేసిన మొక్క ఒకటి అక్కడే వేరు తన్ని పూసిందట. అర్చన పేడ వేయడానికి వెళ్ళి, ఇదేదో వేరేగా ఉంది మామయ్యా అని కొంగులో వేసుకుని వచ్చింది. వెళ్ళి చూశాను. కింది ఆకులన్నీ మచ్చలే, సగం రాలాయి. పై ఆకులు మాత్రం నిలబడ్డాయి. పనికిరాదనే అనుకుంటున్నాను. కానీ మూసి చూడకుండా పెరికావని అన్నావుగా. అందుకని పంపుతున్నాను.

నీ తమ్ముడు,
నారాయణస్వామి


రాగిమాకులపల్లె
17 మార్చి 2025

తమ్ముడు నారాయణకు,

కవరు చించకముందే తెలిసింది. తేజస్విని సంచిలోనుంచి తీస్తానే తెలిసింది. పోస్టాఫీసు జిగురు వాసన దాటుకొని వచ్చింది. ముందు బెల్లం. దాని వెనకాల మిరియం వచ్చింది. గోడ రాలేదే అనుకున్నాను. కళ్ళు మూసుకుంటే గోడ కూడా వచ్చింది. మన పాత ఇంట్లో, వాన వెలిసినాక, అమ్మ జడ అల్లతా ఉంటే వీపుకు ఆనుకునే గోడ. తేజస్విని, అవ్వా ఏమి రాయమంటావు అనింది. ఒక రేకు దాని ముక్కు దగ్గర పెట్టి, ముందు ఇది సూడు అన్నాను.

ఇప్పుడు రాయమంటాండాను. ఇది నా వాదన. గట్టిగా రాయమన్నాను, నీకు వినపడేటట్టు.

మచ్చలు ఉండాయి, పనికిరాదు అంటావు. నా మొగం సూసినావు కదా? దీని మింద ఉండే గుంటమచ్చలు నా చిన్నప్పుడు అమ్మవారు పోసిన గుర్తు. ఊర్లో బిడ్డలు శానామంది పోయినారు. నాకు కన్ను మూతపడింది, చర్మం ఊడి వచ్చింది. వేపాకుల మింద పండేసినారు. ఈ పిల్ల ఉండదు అన్నారు, ఉన్నా మొగం సూసి ఎవడు చేసుకుంటాడు అన్నారు. అమ్మ నన్ను దిబ్బలో పారేసిందా? పక్కనే కూర్చోని తుడిచింది. నేను లేచినాను. ఆమీద ఊర్లోకి మళ్ళా అమ్మవారు వచ్చినప్పుడు రోగమున్న ఇండ్లల్లోకి పోయి నీళ్ళు పోసి వచ్చింది ఎవరు? నేనే. నన్ను ముట్టుకోలేదు. మచ్చ రాని మొగాలు తలుపులేసుకొని కూర్చున్నాయి.

నీ మూడు చెట్లకు మచ్చ రాలేదు, మంచిదే. దీనికి వచ్చింది, రోగం ఆకుల్లోనే పడి ఉండాది, దిబ్బలో పారేసినా లేచి పూసింది. ఏది గట్టిదో నువ్వు చెప్పు. నువ్వు చదువుకున్నోడివి.

నీ ముక్కు సంగతి. మూడేండ్లు తిట్టించుకున్నావు కదరా. ఒక్క కార్డు ముక్క వేసింటే సరిపోయేది కదా. నేను ఏడుస్తానని చెప్పలేదంట. ఈపొద్దు ఏడిస్తే ఆపింది ఎవరు? తేజస్విని కూడా ఏడ్చింది. పోస్టుకు లేటయింది.

చెట్టును మన్నుతో తీసుకొని రా.

అక్క


కుప్పం
11 నవంబరు 2025

అక్కకు,

నువ్వు రాయించిందే నిజమైంది. ఈ తుపాను వానలకు నేను మన్నుతో తెచ్చిచ్చిన దిబ్బ మొక్క ఎలా నిలిచిందని అడిగితే, కింద నాలుగాకులు రాలినాయి, పైన పట్టించుకోలేదు అన్నావు. పట్టించుకోకపోవడమే కావలసింది. ఇంకో తరం పెంచితే ఆ మచ్చలు కూడా తగ్గుతాయి. నా మూడింటిలో అమ్మ రంగుది ఒకటుందే, దాని పుప్పొడి కాగితంలో మడిచి ఇందులో పెట్టాను. చెట్లకు వావివరసలు లేవు, కంగారుపడకు. ఈ చలికి నాకు ఆయాసం, బస్సెక్కలేను. నువ్వే చెయ్యాలి. మొగ్గ విచ్చకముందు రేకులు తియ్యి, లోపలి పసుపు పోగులు తియ్యి, నడిమిది ఉంచు. వేలికొనతో దాని నెత్తిన పొడి రాయి. కాగితం కప్పు.

తర్వాత మాత్రం గిల్లకు.

నారాయణస్వామి


రాగిమాకులపల్లె
2 డిసెంబరు 2025

నారాయణా,

పెద్దచెట్టు పాయ. ఆఖరి కొమ్మ కూడా ఎండింది. పీకించలేదు. పక్కనే నీ దిబ్బ పిల్లను నాటినాను కదా, దానికి ఆనుకునేదానికి ఉంటాదిలే అని ఉంచినాను.

నీ కాగితం అందినాక ఒక మొగ్గను ఎంచుకున్నాను. ప్రమీల పీట వేసింది. రేకులు, పసుపు పోగులు ఒక్కొక్కటే తీసినాను. వాసన వేళ్ళకు అంటుకుంది. ఆ వాసన వేళ్ళతోనే నీ పొడి తీసి రాసినాను. పసిదానికి కాటుక పెట్టినట్ట పెట్టినాను. వాదించి గెలిచినదాన్ని కదా, పని కూడా నేనే చేయల్ల.

నీకు వినపడదు, వాసన రాదు. నాకు రాయను రాదు. మనిద్దరినీ కలిపి కుడితే ఒక మనిషి అవుతాము అనింది తేజస్విని. నోరు ముయ్యి, రాయి అన్నాను. ఎండలు రానీ, నువ్వు రా. పొద్దున్నే చెట్టు దగ్గర కూర్చుందాము. ఏ వాసన ముందు వస్తాది, ఏది వెనకాల వస్తాది అని నేను చెప్తాను, ఈ పిల్ల రాస్తాది, నువ్వు చదువుకో. ఆకులు నువ్వు సూడు.

నిన్న పొట్లం విప్పి సూసినాను. తల పచ్చగా గట్టిగా ఉండాది, రాలలేదు. పక్కన ఇంకొక పువ్వు పూసి ఉండాది, అది పటాలకు కోసుకున్నాను. దీన్ని కోయలేదు. సందేళ దీపం పెట్టి జలదారి దగ్గరికి పోతానే చెయ్యి దాని మిందికి పోతాది, నారాయణా. అమ్మ సూస్తాండాదేమో అనిపిస్తాది. పోయిన చెయ్యిని వెనక్కి తీసుకొని కొంగులో పెట్టుకుంటాండాను.

అక్క నంజమ్మ